గుండు మీద గుండు ఎక్కించిందెవరు?

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ పోయే రోడ్డులో, దుండిగల్ దాటాక కాసేపటికి బొంతపల్లి వస్తుంది. ఊరి పేరు చెబితే కొందరికి వీరభద్రస్వామి గుడి గుర్తుకొస్తుంది, కొందరికి మందుల కంపెనీలు. మొక్కు ఉన్నవాళ్లు గుడికి వచ్చి పోతారు, డ్యూటీ ఉన్నవాళ్లు షిఫ్టు బస్సు దిగి గేటు లోపలికి పోతారు. బొంతపల్లి నుంచి పటాన్‌చెరు దాకా ఈ పారిశ్రామిక ప్రాంతంలో షెడ్ల వెనకాల, లేఅవుట్ల పక్కన అక్కడక్కడా మిగిలిన గుట్టలనూ, వాటి మీది గుండ్లనూ తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

ఇవేమీ ట్రెక్కింగ్ చేసే కొండలు కావు. పొట్టి గుట్టలు. చలికాలం పొద్దున బయల్దేరితే కాళ్లకు చెప్పులు చాలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కొచ్చు. సీతాఫలం పొదలు, తుమ్మ చెట్లు దాటి పైకి పోతే ఒక్కసారిగా వస్తుంది చిక్కుముడి. కింద ఏనుగు వీపులాంటి బండ. దాని మీద లారీ అంత గుండు. ఆ గుండు మీద ఇంకో గుండు. రెంటికీ నడుమ ఆనిక జానెడు మేర ఉంటే గొప్ప. పక్కకు పోయి చూస్తే అవతలి ఆకాశం సందులోంచి కనిపిస్తుంది. మూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి గ్రానైట్ రాయి బరువు లెక్కగడితే దగ్గర దగ్గర 37 టన్నులు వస్తుంది. దాన్ని కదపాలంటే ఇప్పుడు పెద్ద క్రేన్ కావాలి. ఆ క్రేన్ గుట్ట ఎక్కడానికి దారి కావాలి.

మరి ఎవరు ఎక్కించారు?

ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబులు ఎప్పుడో చెప్పేసుకున్నారు. రాక్షసులు విసిరారన్నారు, భీముడు పేర్చాడన్నారు. తెలుగు నేల మీద వింత రాయి ఎక్కడున్నా దగ్గర్లో పాండవుల పేరు వినిపించడం మామూలే. ఆ జవాబుల్ని ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు. వాటిలో సరైన పరిశీలన ఒకటుంది: ఈ రాళ్లు ఇలా ఉండటం మామూలు సంగతి కాదు, దీనికి కారణం అంటూ ఒకటి ఉండాలి. కారణాన్ని పై నుంచి వచ్చిన బలంలో వెతకడమే అసలు తంటా. ఆ తరవాత వచ్చిన చదువుకున్నవాళ్లలోనూ చాలామంది అక్కడే వెతికారు. భీముడి బదులు వరద అన్నారు, మంచు అన్నారు, గాలి అన్నారు.

అనుమానితుల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుదాం.

మొదట వరద. రాయి గుండ్రంగా ఉంటే మనకు తట్టే మొదటి ఆలోచన వాగు. మంజీర ఒడ్డున ఏరుకునే రాళ్లు నున్నగా ఉంటాయి కదా, నీళ్లలో దొర్లి దొర్లి అరిగినవి. కాని ఏరు తెచ్చిన రాళ్లలో నాలుగు రకాలు కలిసి ఉంటాయి, ఎగువన ఏ రాయి ఉంటే అది కొట్టుకొస్తుంది. గుట్ట మీది గుండును, కింది బండను దగ్గరగా చూడండి. రెంటిలోనూ అదే గులాబీ రంగు, అవే పలుకులు. పైగా వరద నీళ్లు లోతట్టుకు పోతాయి. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయిన చోటుకు రాళ్లను మోసుకెళ్లి ఒకదాని మీద ఒకటి పెట్టే వరద ఎక్కడా లేదు. వరదను వదిలేయొచ్చు.

రెండోది మంచు. తెలంగాణలో హిమానీనదాలా అని నవ్వకండి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ ఉపఖండం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. అప్పటి మంచు ఈడ్చుకొచ్చి వదిలిన రాళ్ల పొర గోదావరి లోయలో నేటికీ ఉంది. భూవిజ్ఞానులు దాన్ని తాల్చీర్ పొర అంటారు. ఐరోపాలో పొలాల మధ్య ఒంటరిగా కూర్చున్న పెద్ద పెద్ద రాళ్లను తెచ్చింది మంచేనని పందొమ్మిదో శతాబ్దంలో తేలింది. కాబట్టి ఈ అనుమానితుడు ఊరికి కొత్తవాడేం కాదు. కాని మంచు మోసిన రాయి కూడా పరాయి రాయే. ఎక్కడో ఊడి, ఇంకెక్కడో దిగుతుంది. దాని మీద రాపిడి గీతలుంటాయి. మన గుండ్ల మీద అవి లేవు. గుండు జాతీ బండ జాతీ ఒకటే.

ఈ జాతి మాటను ఇంకొంచెం సాగదీస్తే మొత్తం కేసులోకెల్లా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. గ్రానైట్‌లో అక్కడక్కడా వేలెడు మందాన తెల్లటి గీత పోతుంటుంది. రాయి గట్టిపడ్డాక దాని పగులులోకి ఎక్కి గడ్డకట్టిన మరో కరుగు అది. కింది గుండులో ఆ గీత ఏటవాలుగా పైకి పోతుంటుంది, పై అంచు దగ్గర ఆగిపోతుంది. నడుమ సందు. ఆ గీత పోతున్న దారిలోనే చూపు సాగనిచ్చి సందు దాటించండి. పై గుండు అడుగున, ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ, అదే వెడల్పుతో, అదే వాలుతో మళ్లీ మొదలవుతుంది.

దీనర్థం ఒకటే. పై గుండు ఎక్కడి నుంచీ రాలేదు. అది మొదటినుంచీ అక్కడే ఉంది. కింది గుండూ పై గుండూ ఒకప్పుడు ఒకే రాయి. వరద, మంచు, భీముడు ముగ్గురూ ఒక్క దెబ్బకు నిర్దోషులుగా బయటపడతారు, ఎందుకంటే ఎత్తడమనే నేరమే జరగలేదు. గుండును ఎవరు పైకి ఎక్కించారని అడగడం మానేసి, గుండు చుట్టూ ఉన్న రాయి ఎటు పోయిందని అడగాలి. దొంగతనం కేసు ఇది.

దొంగ ఎవరు? ఇక్కడ గాలి పేరు బలంగా వినబడుతుంది. ఎడారిలో ఇసుకను మోసే గాలి రాళ్ల కాళ్లను కోసి పుట్టగొడుగుల్లా చేస్తుందని బళ్లో అందరం చదువుకున్నాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో అచ్చం పుట్టగొడుగు ఆకారంలో ఒక రాయి ఉంది, పేరు కూడా మష్రూమ్ రాక్. పాఠం బొమ్మలో ఎడారి, ఎదురుగా అదే ఆకారం. అతికినట్టుంది కదా?

అతకదు. ముందు, ఇక్కడ ఎడారి లేదు. రెండోది, ఎడారిలో కూడా కథ అంత సులువుగా లేదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో గాబ్లిన్ వ్యాలీ అనే లోయ ఉంది. పిల్లలతో కూడా నడవగలిగే చదును నేల, దాని నిండా మనిషెత్తు ఇసుకరాయి బొమ్మలు: బూరెల మూతులు, టోపీలు, గూని వీపులు. సుమారు 17 కోట్ల ఏళ్ల నాటి ఇసుకరాయి అది. చూడగానే గాలి చెక్కిందనిపిస్తుంది. కాని అక్కడా మొదలు పగుళ్లే. పగుళ్ల వెంట దిగిన వాన నీళ్లు, మెత్తటి పొరనూ గట్టి పొరనూ వేర్వేరు వేగాలతో తిన్నాయి. అంచులు, మూలలు ముందు పోయాయి. ఆ చక్కటి బొమ్మలను చేసినందుకు గాలికి దక్కే వాటా చిన్నది. 2013లో అలాంటి రాతిబొమ్మ ఒకదాన్ని స్కౌట్ల పెద్దలు కొందరు తోసి పడేసి, వీడియో తీసుకుని, ప్రపంచం చేత చీవాట్లు తిన్నారు. కోట్ల ఏళ్ల పనిని విరగ్గొట్టడానికి మనిషికి క్షణాలు చాలు. ఈ సంగతి తెలుసుకోవడానికి మనం యూటా దాకా పోనక్కరలేదనుకోండి.

ఇసుకరాయి వింతలు కావాలంటే మనకూ ఉన్నాయి. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట చూడండి. పొరలు పొరలుగా నిలబడ్డ ఇసుకరాతి గోడలు, గోడల కింద గుహల్లాంటి చూర్లు, చూర్ల కింద పాతకాలపు మనుషులు వేసిన రంగుబొమ్మలు. అక్కడ పొర చూస్తే చాలు, ఏది మెత్తన ఏది గట్టి అన్నది కంటికి తెలుస్తుంది. గ్రానైట్‌లో పొరలే లేవు. అన్ని వైపులా ఒకే గట్టితనం. అందుకే గ్రానైట్ చిక్కుముడి ఇసుకరాయి కన్నా మొండిది.

గాలి పోయాక మిగిలిన అనుమానితుడు ఎండ. ఇది మన ప్రాంతంలో అందరూ నమ్మే మాట. మే నెలలో బండ మీద కాలు పెట్టలేం, రాత్రికి చల్లబడుతుంది, అలా ఉబ్బి ముడుచుకుని రాయి పగులుతుంది అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. దీన్ని పరీక్షకు పెట్టినవాడు డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికన్. 1936లో అచ్చు వేసిన అతని ప్రయోగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో తెలివి కన్నా ఓపిక ఎక్కువ. నున్నగా సానబట్టిన గ్రానైట్ ముక్కను విద్యుత్ పొయ్యితో వేడిచేశాడు, ఫ్యాన్ గాలితో చల్లార్చాడు. మళ్లీ వేడి, మళ్లీ చల్లదనం. అలా 89,400 సార్లు. రోజుకో ఎండ, రాత్రికో చలి చొప్పున లెక్కేస్తే 244 ఏళ్లు. చివర్న సూక్ష్మదర్శినితో చూస్తే రాతికి ఏమీ కాలేదు. తరవాత ఒక్క మార్పు చేశాడు. పొడి గాలికి బదులు నీళ్లు చల్లి చల్లార్చాడు. రెండున్నరేళ్ల ఎండకు సమానమైన పనికే మెరుగు పోయింది, సన్నటి బీటలు వచ్చాయి.

ఎండకు అసలు పాత్ర లేదని ఇప్పటివాళ్లు కూడా అనరు. ముందే ఉన్న బీటను ఎండ పెంచగలదు, పెద్ద బండల్లో అది గట్టిగానే పనిచేస్తుంది. కాని ప్రధాన దొంగ చేతికి తడి ఉందని గ్రిగ్స్ ప్రయోగం చూపించింది.

నీళ్లు గ్రానైట్‌ను ఎలా తింటాయో చూడాలంటే గుట్ట దిగి, కొత్త షెడ్డు కోసం పునాది తవ్వుతున్న చోటికి పోవాలి. ఈ పారిశ్రామిక ప్రాంతంలో అలాంటి గుంతలకు కొదవ లేదు. జేసీబీ కోసిన గోడ వైపు నిలబడండి. పైన రెండు మూడు అడుగులు ఎర్రమట్టి. దాని కింద మొరం. మన ఊరి రోడ్లకు, ఇళ్ల పునాదులకు, చెరువు కట్టలకు పోసే మొరమే. దాన్ని చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలుతుంది, కాని రాలకముందు గోడలో చూస్తే అది రాయిలాగే ఉంటుంది: అవే గులాబీ పలుకులు, అదే తెల్లగీత. గీత మొరంలోనూ చెక్కుచెదరకుండా పోతుంటుంది. అంటే మొరం ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన మట్టి కాదు. నిలుచున్న చోటే కుళ్లిన రాయి.

గ్రానైట్‌లో మూడు రకాల పలుకులు ముఖ్యం. గాజులా మెరిసేది క్వార్ట్జ్, దానికి నీళ్లంటే లెక్కలేదు. గులాబీ, తెలుపు రంగుల్లో ఉండేది ఫెల్డ్‌స్పార్, నీళ్లు తగిలితే మెల్లగా బంకమట్టి అవుతుంది. నల్లగా రేకుల్లా ఉండేది బయోటైట్ అభ్రకం. ఇది అన్నిటికన్నా ముందు లొంగుతుంది. నీటిని, ఆక్సిజన్‌ను పీల్చి ఉబ్బుతుంది, తన ఇనుమును తుప్పుగా వదులుతుంది, ఉబ్బుతూ పక్కనున్న పలుకుల్ని విడదీస్తుంది. అలా విడిపోయిన రాయే మొరం. మొరం ఎర్రబారడానికి కారణం ఆ తుప్పే.

ఇప్పుడు గుంత గోడలోనే ఇంకొంచెం కిందికి చూడండి. మొరం నడుమ గుండ్లు. పూర్తిగా గుండ్రటివి, లోపల గట్టి రాయి, చుట్టూ పొరలు పొరలుగా ఊడివచ్చే పెంకులు. ఎండ మొహం చూడనివి, గాలి తగలనివి, వరదకు అందనివి. గుట్ట మీద చూసిన గుండ్లకూ వీటికీ ఆకారంలో తేడా లేదు. ఒకదాని మీద ఒకటి కూడా ఉంటాయి, నడుమ మొరం నింపుకుని.

చిక్కుముడి సగానికి పైగా ఇక్కడే విడిపోతుంది. గుండ్లు గుండ్రమైంది భూమి లోపల. ఇదే సంగతిని 1791లో ఫ్రాన్స్‌లో ఆసన్‌ఫ్రాట్జ్ అనే ఆయన గమనించాడు, కుళ్లిన గ్రానైట్ నడుమ గట్టి గుండ్లు మిగిలి ఉన్నాయని రాశాడు. ఆ మాట ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1955లో ఇంగ్లండ్‌లో డేవిడ్ లింటన్ డార్ట్‌మూర్ గుట్టల గురించి రాస్తూ రెండు దశల కథను స్పష్టంగా చెప్పాకగాని అది పాఠాల్లోకి ఎక్కలేదు. మొదటి దశ భూమి లోపల కుళ్లడం, రెండో దశ కుళ్లిందంతా కొట్టుకుపోయి కుళ్లనిది బయటపడటం. మన దగ్గర హెన్రీ వాయిసీ అనే వైద్యుడు 1818లో లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో భూవిజ్ఞానిగా చేరి నిజాం రాజ్యమంతా తిరిగాడు. నిజాం రాజ్యపు రాళ్ల గురించి తొలి రాతల్లో ఆయనవీ ఉన్నాయి. 1824లో చనిపోయాడు. మన గుండ్లను శాస్త్రం కంటితో చూడటం అంత పాతది.

గుండ్రంగానే ఎందుకు? దీనికి రాతిలోని పగుళ్లు కావాలి. ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, కొన్ని కిలోమీటర్ల లోతున కరుగుగా ఉండి గడ్డకట్టింది. చల్లబడటం వల్లా, తరవాత నేల ఒత్తిళ్ల వల్లా దానిలో నిలువు పగుళ్లు పడ్డాయి, ఒకదానికొకటి ఇంచుమించు అడ్డంగా. పైనున్న బరువు కోతకు పోయేకొద్దీ రాయి ఊపిరి వదిలినట్టు పైకి సడలింది, అప్పుడు పడుకున్న పగుళ్లు పడ్డాయి. వడ్డెరలకు ఈ సడలింపు పుస్తకం చదవకుండానే తెలుసు. బండ మీద నిప్పు పరిచి, వేడిని మెల్లగా జరుపుతూ, పలకకు పలక లేపే పద్ధతి దక్షిణాదిలో ఎంతో పాతది. లోపల బిగిసి ఉన్న రాయి విడిపోవడానికి సిద్ధంగా లేకపోతే ఎంత మంట పెట్టినా అంత పొడుగు పలక లేవదు.

నిలువు పగుళ్లు, పడక పగుళ్లు కలిస్తే రాయి మొత్తం నలుచదరపు దిమ్మెలవుతుంది. ఇంకా కదలలేదు, భూమి లోపలే ఉంది, కాని ప్రతి దిమ్మె చుట్టూ నీళ్లకు దారి ఉంది. దిమ్మె ముఖాన్ని నీళ్లు ఒక్క వైపు నుంచి తింటాయి. అంచును రెండు వైపుల నుంచి. మూలను మూడు వైపుల నుంచి. అచ్చు బెల్లాన్ని వానాకాలం బయట మర్చిపోతే ఏ భాగం ముందు కరుగుతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. మూలలు పోయిన దిమ్మె గుండు కాక ఇంకేమవుతుంది! పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట దిమ్మెలు చిన్నవి, అవి పూర్తిగా మొరమైపోయాయి. అక్కడ ఇవాళ లోయలు, చెరువులు, పొలాలు. పగుళ్లు దూరదూరంగా ఉన్న చోట దిమ్మెలు పెద్దవి, వాటి నడి భాగం మిగిలింది. అక్కడ ఇవాళ గుట్టలు. గుట్ట ఎక్కడ నిలవాలో, చెరువు ఎక్కడ నిండాలో ఆ పగుళ్ల ఎడమే నిర్ణయించింది.

ఈ సంగతికి ఇంకో సాక్షి ఉన్నాడు, అతను బోరు బండి మనిషి. పటాన్‌చెరు నుంచి నర్సాపూర్ దాకా ఎక్కడ బోరు వేసినా పక్కింటివాళ్లు ముందు అడిగేది నీళ్ల గురించి కాదు.

"అన్నా, కేసింగ్ ఎంత పడ్డది?"

"అరవై అడుగులు పడ్డది. నడుమల ఒక గుండు తగిలింది, జర సతాయించింది."

కేసింగ్ పైపు ఎందుకు దించుతారు? మొరం కూలి బోరు పూడకుండా. గట్టి బండ తగిలాక పైపుతో పని లేదు. అంటే కేసింగ్ ఎన్ని అడుగులో, అక్కడ రాయి అన్ని అడుగుల లోతు దాకా కుళ్లిందన్నమాట. బిల్లులో రాసే ఆ అంకె నిజానికి భూవిజ్ఞాన కొలత. ఒక ప్లాటులో అరవై పడితే పక్క ప్లాటులో ఇరవైకే బండ తగలడం మామూలు, ఎందుకంటే కింద కుళ్లు చదునుగా దిగలేదు, పగుళ్ల వెంట పళ్లు పళ్లుగా దిగింది. మధ్యలో తగిలి సతాయించిన గుండు, ఇంకో కొన్ని లక్షల ఏళ్లకు ఏదో గుట్ట మీద కనిపించాల్సిన గుండు.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి ఇదే పొరల మీద పనిచేసింది. పైన మొరం పొర, దాని కింద పడక పగుళ్లు దట్టంగా ఉన్న పొర, ఆ కింద పగుళ్లు పలచబడి గట్టి రాయి. మన బోర్లలో నీళ్లు ఎక్కువగా వచ్చేది ఆ మధ్య పొర నుంచే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అందుకే ఇంకో రెండొందల అడుగులు వేస్తే తప్పకుండా పడతాయన్న మాటను ఈ ప్రాంతంలో నమ్మి అప్పులపాలైన రైతులు చాలామంది.

గుండును చెక్కిన నీటి దారీ బోరుకు వచ్చే నీటి దారీ ఒకటే. అందుకని ఫ్యాక్టరీ గేటు బయట వాగులోకి వదిలింది ఆ వాగులోనే ఆగదు. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు వెంబడి ఊళ్లలో బోరు నీళ్లు రంగు మారిన కథ, కోర్టుల దాకా పోయిన కథ, ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పాల్సింది కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రకటిస్తే ప్రపంచం ఉలిక్కిపడింది. వాగు ఒండ్రులోంచి, మొరంలోంచి, పగుళ్లలోంచి నీటికి దారి ఉన్నప్పుడు అందులో కలిసినదానికీ దారి ఉంటుంది. గ్రానైట్ గట్టిది, ఏదీ ఇంకదు అనుకుని గుంతల్లో పోసినవాళ్లు ఒక్కసారి ఏ బోరు మనిషినైనా అడిగి ఉండాల్సింది.

సరే, కేసుకు వద్దాం. గుండ్లు లోపల తయారయ్యాయి. బయటికి ఎప్పుడు వచ్చాయి? దీనికి సాక్ష్యం బొంతపల్లి ఉన్న జిల్లాకే పడమటి కొసన ఉంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పోతే గ్రానైట్ మాయమవుతుంది. నల్లరాయి, నల్లరేగడి మొదలవుతాయి. అది దక్కను లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. పడమటి నుంచి పారివచ్చిన ఆ లావా ఇక్కడికి చేరేసరికి పలచబడి ఆగిపోయింది. పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థను 1972లో పటాన్‌చెరులో పెట్టినప్పుడు ఈ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం, ఒకే ఆవరణలో ఎర్రనేలా నల్లనేలా రెండూ దొరకడం. ఎర్రది గ్రానైట్ సొత్తు, నల్లది లావా సొత్తు.

లావా దేని మీద పారింది? గ్రానైట్ మీదే. కొన్ని కిలోమీటర్ల లోతున పుట్టిన రాయి 6.6 కోట్ల ఏళ్ల నాటికే నేల మీద పడుకుని ఉంది, దాని పైనున్న కిలోమీటర్ల మందమంతా అప్పటికే అరిగిపోయింది. కోత ఆనాడే పాతబడ్డ పని. కుళ్లడం, కొట్టుకుపోవడం, మళ్లీ కుళ్లడం ఎన్ని విడతలు జరిగిందో! జర్మనీ భూగోళవేత్త యూలియస్ బ్యూడెల్ ఇలాంటి ఉష్ణదేశపు మైదానాల గురించి 1957లో ఒక మాట చెప్పాడు. ఇక్కడ నేలకు రెండు మట్టాలుంటాయి. ఒకటి మనం నడిచేది, వాన దాన్ని కడుగుతుంది. రెండోది కింద మొరానికీ బండకూ నడుమ ఉన్నది, నీళ్లు దాన్ని తింటుంటాయి. రెండూ మెల్లగా దిగుతుంటాయి. పై మట్టం వేగంగా దిగి కింది మట్టాన్ని తాకిన చోట గుట్టలు తేలతాయి. ఆ తరవాత ఆయన దక్షిణ భారతానికి వచ్చి తమిళ మైదానాల మీద రాశాడు కూడా. ఆయన లెక్కలన్నీ అందరూ ఒప్పుకోలేదు. ఈ ఒక్క ముక్క మాత్రం మన గుట్టలకు సరిపోతుంది.

కాబట్టి గుట్ట లేచింది కాదు, చుట్టూ ఊరు దిగింది. మొరం వానకు కొట్టుకుపోయి మంజీరలో, గోదావరిలో, సముద్రంలో కలిసింది. నడుమ గుండ్లు ఉన్నచోటనే ఉన్నాయి. సందులోని మొరం రాలినకొద్దీ పై గుండు కింది గుండు మీద మెల్లగా ఆనింది. అంతే. ఎత్తడం లేదు, విసరడం లేదు.

ఇక పుట్టగొడుగు రాయి మెడ ఎందుకు సన్నబడిందో కూడా తేలిపోతుంది. గుండు సగం బయట, సగం మట్టిలో ఉన్న కాలంలో మట్టిని ఆనుకున్న నడుము ఎప్పుడూ తడిగా ఉంటుంది. పై భాగం మీద పడ్డ వాన జారిపోయి ఆరిపోతుంది. తడి నిలిచిన నడుము కుళ్లుతుంది. తరవాత నేల దిగితే సన్నని మెడ బయటపడుతుంది. గాలి ఇసుక ఎగరగొట్టి కోసింది కాదు, నేల తన చెమ్మతో కొరికింది.

ఇంతకాలం నిలబడ్డవి మన కళ్లముందే పోతున్నాయని హైదరాబాద్‌లో కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టారు. మాజీ ఐఏఎస్ అధికారి, నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ అందులో ముందుండి ఈ రాళ్ల మీద సినిమా తీశారు, పుస్తకం రాశారు. వాళ్ల పట్టు వల్ల నగర వారసత్వ జాబితాలో పాత కట్టడాలతో పాటు తొమ్మిది రాతి అమరికలకూ చోటు దొరికింది. శిల్పారామంలోని ఎలుగు ముక్కు, మౌలాలి దగ్గరి కావలి రాయి, యూనివర్సిటీలోని ఆ పుట్టగొడుగు అందులోవే. జాబితాకెక్కని వేల గుండ్లు కంకరగా, కౌంటర్ టాప్‌గా, కాంపౌండ్ గోడగా ఊరిలో కలిశాయి. మా ఇంటి గడప రాయి కూడా వాటిలో ఒకటే కావచ్చు, కాబట్టి పెద్ద గొంతుతో మాట్లాడే హక్కు నాకు లేదు.

గుట్ట ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక. నేను చెప్పిన కథ గుట్ట పైనున్న గుండ్లది. వాలు మీదా, అడుగునా ఉన్నవాటిలో చాలా మటుకు నిజంగానే దొర్లి పడ్డవి. తేడా కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రెండు గుండ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉంటే తెల్లగీత వెతకండి. గీత దొరక్కపోతే పలుకుల వరసను చూడండి. చాలాచోట్ల నల్ల అభ్రకం రేకులు ఒకే దిక్కుకు తిరిగి చారలు కట్టి ఉంటాయి. రెండు రాళ్లలోనూ చార ఒకే వైపు పోతుంటే అవి తోబుట్టువులు, కదల్లేదు. ఒకదానిలో తూర్పుకీ ఇంకోదానిలో ఉత్తరానికీ పోతుంటే పైది ఎక్కడినుంచో దొర్లి వచ్చి ఇక్కడ ఆగింది. అలాంటిదాని నీడలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పకపోవడం మంచిది, ముఖ్యంగా వానాకాలంలో, దాని కింది మొరం ఇంకా నానుతుండగా.